ఎండుబీళ్ల ఓషధులు

గౌతమీ వసిష్ఠల నడుమ, 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట నీటితో పచ్చబడిన కోనసీమనుండి వెలువడు పత్రిక, అనంతపురపు ఎండుబీళ్ల ఓషధులకొఱకొక సంచికను కేటాయించుట కొందఱికి వింతగా తోఁచవచ్చును. కొత్తపేట వరిగట్టుపై గుంటగలగర ఆకు త్రుంచి నలిపినచో రసము చూచుచుండగనే నల్లబడును; ఆ మొక్కకై వెదకులాట మనకెన్నఁడును లేదు. కాని సాలీనా 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వానపడు అనంతపురపు సీమలో, పశువులు మేయు మెట్టలయందు పెన్నేరు వంటి మొక్క యెచట మిగిలినదో, తిరిగి నాటినచో నెచట నిలుచునో చెప్పుట సులభము కాదు.

మొక్క కనఁబడిన తావులను అచటి వాన, ఎండ, నేల, వాలులతో జతపఱచి, అట్టి లక్షణములే గల తక్కిన తావులను గణితముచే ఊహించి పటముపై చూపు పద్ధతులలో, 2006లో ఫిలిప్స్, అండర్సన్, షపైర్‌లు ప్రకటించిన ‘మాక్సెంట్’ ప్రసిద్ధము. అయితే అనుకూలమని పటము చూపినంతమాత్రమున మొక్క అచట నుండితీరవలెనని లేదు. మందలు త్రొక్కియుండవచ్చును, వేరు త్రవ్వుకొనిపోయియుండవచ్చును. ఆ సంగతి గొఱ్ఱెలకాపరి కెఱుకయైనంతగా ఉపగ్రహమున కెఱుకగాదు. ఈ సంచిక పొడవునను పటమును, కాపరి మాటయు ఎదురెదురుగా నిలిచి వాదించుకొనును. మా మొగ్గు కాపరివైపే.

రాజోలు వైపు తీరగ్రామములలో ఉప్పునీరు నేలలోనికి చొచ్చుచున్న యీ దినములలో, ఏ మొక్కకు ఏ నేల యను విచారము మనకును తప్పదు. కావున సఖినేటిపల్లి, అల్లవరము ఇసుకమేటల మొక్కల నెఱిగినవారు మాకు వ్రాయవలెనని కోరుచున్నాము.