పసివారికి ముక్కు టీకా ఎప్పుడు?

వానలు ముదిరి చలి మొదలైతే చాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ముందు చంటిబిడ్డల తల్లులు బారులు తీరుతారు. జలుబుగా మొదలైన జబ్బు రెండు మూడు రోజుల్లో డొక్కలు ఎగరేసేదాకా వస్తుంది. ఇందుకు ముఖ్య కారకుల్లో ఒకటి ఆర్.ఎస్.వి. అనే వైరస్. ప్రపంచంలో ఏటా ఐదేళ్లలోపు పిల్లలు సుమారు లక్షమంది దీనివాత పడుతున్నారు. వారిలో నూటికి 97 మంది పేద, మధ్యతరగతి దేశాల బిడ్డలే. ప్రభుత్వం ఇప్పిస్తున్న పెంటావలెంట్, పి.సి.వి. సూదులు న్యుమోనియా తెచ్చే బాక్టీరియాను అడ్డుకుంటాయి గాని ఈ వైరస్‌ను కాదు.

ఇది చొరబడేది ముక్కు ద్వారా. చేతికి వేసే సూది రక్తంలో రక్షణ పెంచుతుంది. ముక్కు లోపలి పొరలో మాత్రం దాని కాపలా పలుచన. నోటి దారిన వచ్చే పోలియోను నోట్లో చుక్కలతోనే తరిమాము. 2014 మార్చిలో దేశం పోలియో రహితమైనట్లు ధ్రువపత్రం వచ్చింది. ముక్కు దారిన వచ్చే జబ్బుకు ముక్కులోనే మందు వేయాలన్న ఆలోచన కూడా అటువంటిదే.

ఆ విద్య మనవారికి కొత్త కాదు. హైదరాబాదు చెంతనున్న భారత్ బయోటెక్ సంస్థ అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం పరిజ్ఞానంతో కోవిడ్‌కు ముక్కు టీకా తయారుచేసింది. 2022 సెప్టెంబరులో దానికి అనుమతి లభించగా, 2023 జనవరి 26న విడుదలైంది. ఒక్కో ముక్కు రంధ్రంలో నాలుగేసి చుక్కలు, అంతే. కాని ఆ అనుమతి 18 ఏళ్లు నిండినవారికే. ఇంగ్లండులో 2013 నుంచి చిన్నపిల్లలకు ఫ్లూ టీకాను ముక్కులోనే పిచికారీ చేస్తున్నారు. అదీ రెండేళ్లు నిండిన తరువాతనే. ఆర్.ఎస్.వి. ఎక్కువగా కబళించేది ఆరునెలల్లోపు పసికందులను!

అలాగని తొందరపడటం తగదు. 1966లో అమెరికాలో శిశువులకు ఆర్.ఎస్.వి. సూది వేసి పరీక్షించగా, తరువాత ఆ వైరస్ సోకినవారిలో నూటికి 80 మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు మరణించారు. ముక్కులో వేసే, బలహీనపరచిన వైరస్ టీకాల పరీక్షల్లో ఇంతవరకు ఆ ప్రమాదం కనిపించలేదు. అయినా పరీక్షించవలసినది పసివారిపైనే కాబట్టి అడుగడుగునా జాగ్రత్త కావాలి.

ఈ విషయంలో మన అనుభవం చేదైనది. 2009-10లో ఖమ్మం జిల్లాలో బాలికలకు వేసిన హెచ్.పి.వి. టీకా పథకంలో చాలామందికి తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటు సంఘం 2013లో దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. కూలికి పోయే తల్లి వేలిముద్రకు కూడా విలువుంటుందని అధికారులు గుర్తించాలి. టీకా ఏమిటో, దాని మంచిచెడ్డలేమిటో తెలుగులో విడమరచి చెప్పిన తరువాతనే ఆ ముద్ర వేయించుకోవాలి.

పెద్దలకు ముక్కు టీకా చేసిన ప్రయోగశాలలు పసివారి టీకాకు పూనుకునేలా కేంద్రం నిధులివ్వాలి. లాభం తక్కువన్న లెక్కతో వదిలేయదగిన పని కాదిది. టీకా చేతికందేలోగా రాష్ట్ర ప్రభుత్వం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఆక్సిజన్ సిలిండరు, చంటిబిడ్డలకు సరిపడే గొట్టాలు, రాత్రివేళ డాక్టరు ఉండేటట్లు చూడాలి.