తల్లిని కాదు, బిడ్డ తలను చూడండి

మన కావలి చుట్టుపక్కల ఊళ్లలో బిడ్డ పుట్టగానే పెద్దవాళ్లు తల తీరు చూస్తారు. ఆవాల దిండు కుట్టిస్తారు, నూనె రాసి నుదురూ ముక్కూ సర్దుతారు. ఆ చూపులో ప్రేమ ఉంది. తల తేడాగా కనిపిస్తే మాత్రం ఆ చూపు బాలింత మీదికి మళ్లుతుంది. గ్రహణంలో బయట తిరిగావా, తినకూడనిదేమైనా తిన్నావా, మేనరికం వద్దంటే విన్నారా అని నిలదీస్తారు. అపర్ట్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డ విషయంలో ఈ మూడూ తప్పే.

పసిబిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు. విడివిడి పలకలు, మధ్య అతుకులు. మొదటి ఏడాదిలో మెదడు దాదాపు రెట్టింపవుతుంది. అతుకులు తెరిచి ఉంటేనే దానికి చోటు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌2 అనే జన్యువులో చిన్న మార్పు వస్తే ఆ అతుకులు ముందే మూసుకుపోతాయి. తల ఎత్తుగా పెరుగుతుంది. ముఖం మధ్యభాగం ఎదగక కళ్లు ముందుకు వస్తాయి, ఊపిరి కష్టమవుతుంది. చేతివేళ్లు, కాలివేళ్లు కలిసిపోయి ఉంటాయి. 1906లో ఫ్రెంచి వైద్యుడు యూజీన్ అపర్ట్ వివరించిన స్థితి ఇది. 1912లో ఆక్టేవ్ క్రూజాన్ వివరించిన మరో సిండ్రోమ్‌లో తల, ముఖం ఇలాగే ఉన్నా వేళ్లు మామూలుగానే ఉంటాయి.

మేనరికంతో కొన్ని జబ్బులు వస్తాయన్నది నిజమే. వాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలు కలవాలి. అపర్ట్‌కు ఒక్క మార్పు చాలు; అదీ దాదాపు ఎప్పుడూ ఆ బిడ్డలో కొత్తగా వచ్చిందే. 1996లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మూలం తేల్చగలిగిన 57 కేసుల్లోనూ అది తండ్రి వీర్యకణం నుంచే వచ్చింది. అందుకని తండ్రిని తప్పుపట్టకూడదు. వయసుతోపాటు ఏ మగవాడిలోనైనా పెరిగే అవకాశమది. తల్లిని నిందించడానికి మాత్రం అసలే ఆధారం లేదు.

ఈ నిందల్లో పోయే నెలలే వైద్యానికి కీలకమైన నెలలు. పుర్రెకు చోటిచ్చే ఆపరేషన్ సాధారణంగా మొదటి ఏడాదిలో చేస్తారు. ఆలస్యమైతే మెదడు మీద, చూపు మీద ఒత్తిడి పడుతుంది. ఒకే వైపు పడుకోబెట్టడం వల్ల చదునైన తల, వైపు మారుస్తుంటే కుదురుకుంటుంది. అతుకు మూసుకుపోయిన తలను ఏ దిండూ మార్చలేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో 9 పుట్టుక లోపాలున్నాయి. గ్రహణమొర్రి ఉంది, వంకర పాదం ఉంది. పుర్రె అతుకుల మాట లేదు. దాన్ని చేర్చాలి. ఆశా కార్యకర్త 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు బాలింత ఇంటికి వెళుతుంది. టేపుతో తల కొలవడం, నడినెత్తి తడిమి చూడడం, వేళ్లు చూడడం ఆమెకు నేర్పితే చాలు, అనుమానం అక్కడే పట్టుబడుతుంది.

ఆ తర్వాతి దారి పొడవైనది. తలకు, వేళ్లకు, పెద్దయ్యాక దవడకు విడివిడిగా ఆపరేషన్లు కావాలి. కావలి నుంచి నెల్లూరు, అక్కడి నుంచి చెన్నై తిరిగే కూలి కుటుంబానికి ఆపరేషన్ ఒక్కటే ఉచితమైతే సరిపోదు. రైలు ఖర్చు, పోయిన కూలి, ఏళ్ల తరబడి పరీక్షలు కూడా ప్రభుత్వం లెక్కలోకి రావాలి.

ఇక బడి. ముఖం చూసి తెలివి తేల్చే హక్కు ఎవరికీ లేదు. ఈ పిల్లల్లో చాలామంది చక్కగా చదువుకోగలరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అందరితో కలిసి చదివే హక్కును గుర్తించింది. చేర్చుకోవడంతో బడి బాధ్యత తీరదు. తోటి పిల్లలు వెక్కిరిస్తే ఆపాల్సింది ఉపాధ్యాయుడే, ఆ మాటలు నేర్పకుండా ఉండాల్సింది మనమే.

— తీరవాసి, కావలి