మిరప చేనుకు కావాలి, ఊరికి వద్దా?

మిరప కోతలొస్తే భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో మనం కూలీల కోసం అడవి అంచు గూడేలకు పోతాం. ఆ గూడేల్లో చాలావరకు బస్తర్ నుంచి వచ్చిన మురియా ఆదివాసులే ఉంటారు. మన దగ్గర వారిని గుత్తికోయలంటారు. 2005లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయ్యాక, అటు ఆ దళాలకూ ఇటు మావోయిస్టులకూ మధ్య నలిగి, వేలమంది ఇళ్లూ పొలాలూ వదిలి ఇటు వచ్చారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా వచ్చినవారి బతుకు మాత్రం కుదుటపడలేదు.

వారికి అడ్డుపడుతున్నది ఒక్క గోడ కాదు. ఎస్టీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది కాబట్టి, అక్కడి ఎస్టీకి ఇక్కడ ఆ గుర్తింపు లేదు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమి సాగులో ఉండాలి. ఇక ఆడవాళ్ల సంగతి? భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. అసలు పట్టాయే లేని ఇంట్లో ఆమె పేరు ఎక్కడ రాస్తారు? తెలుగు రాని తల్లి కాన్పుకు ఆసుపత్రికి పోతే తన బాధ ఎవరికి చెప్పుకోవాలి?

గిరిజన శాఖ లెక్కలో వారు పరాయి రాష్ట్రం వారు. అటవీ శాఖకు ఆక్రమణదారులు. మనకేమో కోతల కూలీలు. ఇలా ముక్కలుగా చూసినంతకాలం వారి బాధ్యత ఎవరిదీ కాదు.

పోడు తమకే చాలడం లేదన్న స్థానిక కోయ రైతుల భయం నిజమే. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో అటవీ అధికారి హత్య ఘోరమే. చేసినవారికి శిక్ష పడాల్సిందే. కానీ దాన్ని చూపి వలస కుటుంబాలన్నింటినీ వెళ్లగొట్టాలనడం న్యాయం కాదు. ఇద్దరు పేదలు తగువులాడుకుంటే భూమి ఇవ్వాల్సిన ప్రభుత్వం తప్పించుకుంటుంది.

అందుకే మనం అడగాల్సింది ఇది: ఆ తేదీకి ముందు అక్రమంగా నిర్వాసితులైన వారికి ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం కల్పించే 3(1)(ఎం) సెక్షన్‌ను రెండు రాష్ట్రాలూ కలిసి అమలు చేయాలి. ఆ తర్వాత వచ్చినవారికీ పునరావాసం చూపాలి. స్థానికుల పోడు పట్టాలు తేల్చాలి. రేషన్, వైద్యం, బడికి కుల ధ్రువపత్రంతో ముడిపెట్టకూడదు.

మన చేతిలో ఉన్న పని మనమే చేయాలి. ఆడ కూలీకి మగవారితో సమానంగా, నేరుగా ఆమె చేతికే కూలి ఇద్దాం. వచ్చే కోతల లోపు ప్రతి మండల కమిటీ ఆ గూడేలకు వెళ్లి, వారి భాష తెలిసినవారిని వెంటబెట్టుకుని, ముందుగా ఆడవాళ్లతో మాట్లాడాలి.