ఆ నాలుగు పేజీల్లో ఏం రాయాలి?

హైదరాబాదులో కొందరు స్త్రీలు కలిసి ఇళ్ళూ, చిన్న ఆఫీసులూ శుభ్రం చేసే సంస్థ ఒకటి పెట్టుకున్నారు. కొత్తగా పనికి పిలిచేవారికి ఇవ్వడానికి నాలుగు పేజీల సమాచార పత్రం రాసిపెట్టమని నన్ను అడిగారు. నమూనా కోసం ఇలాంటి సంస్థల కాగితాలు కొన్ని తెప్పించుకుని చదివాను. అన్నిటిదీ ఒకటే ధోరణి: మా మనుషులు నమ్మకస్తులు, పోలీసు విచారణ అయినవారు, ఆధార్ ప్రతి జతచేశాం, నచ్చకపోతే మార్చి మరొకరిని పంపుతాం. ఇంటివారి బాధ్యత గురించి ఒక్క ముక్క లేదు. మిక్సీతో పాటు వచ్చే గ్యారంటీ కార్డు కూడా ఇలాగే ఉంటుంది.

ఈ పనిలో నియామక పత్రాలు అరుదు. పని చేయించుకునేవారి చేతికిచ్చే కాగితమే చాలాసార్లు రాతలో మిగిలే ఏకైక ఒప్పందం. ఇంటిపని కార్మికులకు పని షరతులు అర్థమయ్యేలా, వీలైనచోట రాతపూర్వకంగా తెలియజేయాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక చెబుతోంది. దానికి అనుకూలంగా ఓటేసిన మన ప్రభుత్వం ఆమోదముద్ర మాత్రం వేయలేదు. అందుకే ఈ నాలుగు పేజీలను నేను చిన్న విషయమనుకోను.

పని గంటలు, సెలవులు రాయడం తేలికే. చర్చంతా రెండు వాక్యాల దగ్గర ఆగింది. ఒకటి రసాయనాల గురించి. మరకలు పోవాలని ఇంటివారు యాసిడ్, బ్లీచింగ్ పౌడరు రెండూ చేతికిస్తారు. అవి కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని బాత్‌రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. 'సరుకు మేమే తెచ్చుకుంటాం, మీరిచ్చినవి కలపం' అని రాశాం.

రెండోది బాత్‌రూము వాడకం. రోజూ దాన్ని కడిగే మనిషి దాన్ని వాడుకోకూడదట! ఇది కులం కాక మరేమిటి? 'పనికొచ్చినవారు మీ బాత్‌రూము వాడుకుంటారు, తాగడానికి నీళ్ళివ్వాలి' అన్న వాక్యం చదివితే సభ్యులే జంకారు. "ఇట్ల రాస్తే మనల్ని ఎవరు పిలుస్తరు మేడం?" అంది ఒకామె. ఆ భయం ఉత్తది కాదు. ఆ రాబడితో నెల గడవాల్సింది వాళ్ళకి, నాకు కాదు. చాలాసేపు వాదించుకున్నాక వాక్యం నిలిచింది, మూడో పేజీ నుంచి మొదటి పేజీకి కూడా వచ్చింది. ఒప్పుకోనివాళ్ళెవరో ముందే తెలిస్తే ఆటో ఛార్జీ మిగులుతుందని అన్నది ఆ మొదటామే.

ఆధార్ ప్రతులు తీసేశాం. ఇంటింటికీ పంచడానికి అవి కరపత్రాలు కావు. సంస్థ గుర్తింపు కార్డు, బాధ్యురాలి ఫోను నంబరు చాలు. ఫిర్యాదుల పేజీ రెండువైపులా పనిచేయాలి. కప్పు పగిలితే ఇంటివారు ఎవరికి చెప్పాలో రాసినట్టే, ఇంట్లో మగవాడు చెయ్యి పట్టుకుంటే ఆమె ఎక్కడికి వెళ్తుందో కూడా రాయాలి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఆ ఇల్లు ఆమెకు పని స్థలమే. జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ఇంటివారు చదివే కాగితంలోనే ఉండాలని పట్టుబట్టాను.

రేట్ల పేజీ ఇంకా తేలలేదు. పండగ ముందు ఇల్లంతా దులిపే పనికి గంటల లెక్కన తీసుకోవాలా, గదుల లెక్కనా? మీ ప్రాంతంలో ఎవరైనా ఇలాంటి కాగితం తయారుచేసుకుని ఉంటే మాకొక ప్రతి పంపండి.