ఎల్‌ఈడీ వేటలో 12 మైళ్ల చిక్కు

ప్రత్యేక ఆర్థిక మండలం (ఈఈజెడ్)లో చేపల వేటకు కేంద్రం 2025 నవంబరు 4న నోటిఫై చేసిన నియమాల గురించి వచ్చిన వార్తల సారమంతా ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు: బోట్లలో ఎల్‌ఈడీ లైట్లు నిషేధం. అది చదివిన యజమాని డెక్కు మీది బల్బు కూడా పీకేయాలేమో అనుకుంటే తప్పు ఆయనది కాదు. 2017లో ఇదే నిషేధం పెట్టి ఎందుకు అమలు చేయలేకపోయారో, ఈసారి చట్టంలో ఏ మెట్టు మీద నిలబడి పెట్టారో చెప్పే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

ముందు బల్బు సంగతి తేల్చేద్దాం. హాలోజెన్, ట్యూబులైట్ల స్థానంలో ఎల్‌ఈడీలు బిగించుకుంటే బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. కుదుపులకు ఫిలమెంటు తెగే బెడద ఉండదు. రాత్రివేళ వల లాగే కళాసీకి కాళ్ల కింద ఏముందో కనబడాలి కదా! నౌకలు ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ట్రాలు వేసే బోటు పైన ఆకుపచ్చ, కింద తెల్ల దీపం చూపాలి. ఇతర పద్ధతుల్లో వేటాడే బోటు పైన ఎరుపు, కింద తెలుపు చూపాలి. అవి ఎల్‌ఈడీలైనంత మాత్రాన ఏ చట్టమూ అడ్డు చెప్పదు. అయితే అవే నిబంధనల్లో 20వ రూలు ఇంకో మాట అంటుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఈ గుర్తు దీపాలనిపించి భ్రమ కలిగించేవి గాని, వాటిని మసకబార్చేవి గాని, కాపలా చూపుకు అడ్డుపడేవి గాని వేరే దీపాలు వెలిగించకూడదు. బోటుకు కొత్తగా ఫ్లడ్‌లైట్లు పెట్టించుకునేవారు చేపల చట్టం కంటే ముందు చూసుకోవలసింది ఈ రూలే. దీని ఊసు ఏ వార్తలోనూ కనబడలేదు.

నిషేధం చుట్టూ ఉన్న అసలు గొడవ చేపను పిలిచే దీపానిది. చీకటి రాత్రి నీటి మీద వెలుగు పడితే ప్లాంక్టన్ చేరుతుంది, దాని కోసం నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు, స్క్విడ్ చేరతాయి, వాటి వెనక పెద్ద చేప వస్తుంది. పెట్రోమాక్సు లైటుతో ఈ పని చేయడం పాత విద్యే. మెటల్ హాలైడ్ బల్బుల కాలంలో దానికి పెద్ద జనరేటరు, బోలెడు డీజిలు కావలసివచ్చేది. ఎల్‌ఈడీ ఆ ఖర్చును కోసేసింది. నీళ్లలో ముంచినా పనిచేసే దీపాలు వచ్చాయి, లోతుకు దిగే నీలి, ఆకుపచ్చ కాంతిని ఎంచుకునే వీలూ వచ్చింది. దానికి గుంపును చుట్టి పట్టే పర్సు సీను వల తోడైతే గుంపు గుంపంతా, ఇంకా గుడ్డు పెట్టని పిల్ల చేపతో సహా, ఒక్క చుట్టులో పైకి వస్తుంది. పక్కన చిన్న పడవలో గేలం వేసుకుని కూర్చున్నవాడికి ఆ రాత్రికి ఖాళీ బుట్టే.

2017 నవంబరు 10 నాటి కేంద్ర ఉత్తర్వు భాష ఈ తేడాను బాగానే పట్టుకుంది. నీటిపైన గాని, లోపల గాని, జనరేటరుతో గాని, లేకుండా గాని కృత్రిమ దీపాలను మరబోట్లు, మోటారు పడవల మీద ట్రాలింగ్, పర్సు సీను, గిల్ నెట్ వేటలకు వాడకూడదన్నది. ప్రాదేశిక జలాలు దాటిన తర్వాత ఉండే ఈఈజెడ్‌లో అని హద్దూ చెప్పింది. ఎల్‌ఈడీ అనేది అందులో ఒక ఉదాహరణ మాత్రమే. నిషేధించింది ఒక పరికరాన్ని కాదు, దీపాన్నీ వలనూ కలిపి చేసే వేటను. స్క్విడ్‌ను గేలంతో పట్టే జిగ్గింగ్ ఆ మూడింటిలో లేదన్న సంగతి గమనించినవారు తక్కువ.

మరి ఆ ఉత్తర్వు ఎందుకు నీరుగారింది? దీనికి రాజ్యాంగం ఏడో షెడ్యూలు దాకా వెళ్లాలి. చేపల పరిశ్రమ రాష్ట్రాల జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాల ఆవల చేపల వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. గీత 12 నాటికల్ మైళ్ల దగ్గర, అంటే సుమారు 22 కిలోమీటర్ల దగ్గర ఉంది. గీతకు ఇవతల రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. కేరళ 1980లో, మహారాష్ట్ర 1981లో చేస్తే మన ఆంధ్రప్రదేశ్ 1994 దాకా ఆగింది. గీతకు అవతల కేంద్రం 1981లో ఒక చట్టం చేసింది గానీ, అది విదేశీ నౌకల వేటకు సంబంధించినది. 15 మైళ్ల దూరంలో దీపాలు వేసిన భారతీయ బోటును కోస్ట్‌గార్డ్ ఆపిందనుకోండి. ఉత్తర్వు చేతిలో ఉంది. ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలి?

1976 నాటి ప్రాదేశిక జలాల చట్టం ఉంది కదా అనవచ్చు. ఉంది. 1977 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన దాని 7వ సెక్షనే మనకు 200 మైళ్ల ఈఈజెడ్‌ను ఇచ్చింది. ఆ మండలంలో లైసెన్సు గాని, అనుమతి పత్రం గాని లేకుండా ఎవరూ వనరులు తీయకూడదని అదే సెక్షన్‌లోని 5వ ఉపసెక్షన్ చెబుతుంది. దాని కిందే ఒక మినహాయింపు: ఈ ఉపసెక్షన్‌లోనిదేదీ భారత పౌరుడి చేపల వేటకు వర్తించదు. లైట్ల బోట్ల తరఫు వాదనకు పునాది ఇదే. పార్లమెంటే మమ్మల్ని విడిచిపెట్టింది, మధ్యలో అధికారి ఎవరు అని.

ఆ వాదన నిలవదని నా అభిప్రాయం. మినహాయింపు ఆ ఒక్క ఉపసెక్షన్‌కే కట్టుబడి ఉంది. లైసెన్సు అక్కర్లేదంటుందే తప్ప ఎలాగైనా పట్టుకోవచ్చని అనదు. అదే చట్టం 15వ సెక్షన్ ఈఈజెడ్ వనరుల పరిరక్షణ, నిర్వహణలకు నియమాలు చేసే అధికారాన్ని కేంద్రానికి విడిగా ఇచ్చింది. అక్కడ పౌరుడికి మినహాయింపు లేదు. చట్టాన్ని గాని, దాని కింది నోటిఫికేషన్‌ను గాని మీరితే మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా అని 11వ సెక్షన్ చెబుతోంది. ఇన్నాళ్లూ కేంద్రం తన చేతిలో ఉన్న తాళంచెవిని వాడకుండా తలుపు తోస్తూ కూర్చుంది. 2025 నియమాలను ఈ 1976 చట్టం కిందే చేశారు. అసలు వార్త అది.

కోర్టులో తగాదా వస్తే దీపాల మీద కాక యాక్సెస్ పాసు మీద వస్తుందనుకుంటున్నాను. కొత్త నియమాల కింద మరబోట్లు, పెద్ద మోటారు బోట్లు రియల్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా తీసుకోవలసిన ఆ పాసు, లైసెన్సుకు ఇంకో పేరేనని ఎవరైనా వాదించవచ్చు. చిన్న, సంప్రదాయ పడవలకు పాసు అక్కర్లేదన్నారు. దాన్ని దీపాలకు ఇచ్చిన అనుమతిగా చదవడం మాత్రం వీల్లేదు. చిన్న పడవలో జనరేటరు పెట్టినా అది దీపం వేటే అవుతుంది.

మిగతా దేశాలు దీపాలతో వేటాడటం లేదా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. వేటాడుతున్నాయి. ఫిలిప్పీన్స్ చట్టం చూడండి. తీరం నుంచి 15 కిలోమీటర్ల మునిసిపల్ జలాల్లో అది సూపర్‌లైటును పూర్తిగా నిషేధించింది. 2015 సవరణ తర్వాత అక్కడ మామూలు దీపానికి కూడా కాంతి తీవ్రతను బట్టి పరిమితి పెట్టే అధికారం ఉంది. ఆవలి జలాలకు వేరే రూల్సు. కొలిచి రాసిన చట్టం కనుక తనిఖీకి వచ్చిన అధికారికి వాదన పెట్టుకునే పని ఉండదు. మన దగ్గర డెక్కు లైటుకూ ఆకర్షణ దీపానికీ మధ్య వాట్లలో గీసిన గీత లేకపోతే మామూళ్లకు దారి దొరుకుతుంది.

పర్సు సీను విషయంలో సుప్రీంకోర్టు 2023 జనవరి 24న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును ఇక్కడ గుర్తు చేయాలి. తమిళనాడు బోట్లను 12 మైళ్ల ఆవల సోమ, గురువారాల్లో, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకానే అనుమతించింది. దీపాల మాట ఎత్తకుండానే, వేళలతోనే దీపం వేటను కత్తిరించింది. గడియారం చూసి పట్టుకోగలిగే నేరానికి సాక్ష్యం సులువు. ఈ తెలివి నియమాలు రాసేవారికి కూడా ఉండాలి.

సులువు లేనిదల్లా గీత దగ్గరే. చీకట్లో ఒక బోటు 11వ మైలులో ఉందో 13వ మైలులో ఉందో దాన్నిబట్టి ఏ చట్టం, ఏ అధికారి, ఎంత శిక్ష అన్నది మారిపోతుంది. మహారాష్ట్ర 2021 సవరణతో ఎల్‌ఈడీ వేటకు 5 లక్షల నుంచి 20 లక్షల దాకా జరిమానా పెట్టింది. పక్క రాష్ట్రపు జలాల్లో అదే లెక్క ఉండదు. లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం 2024 ఆగస్టులో మొదలైంది కనుక స్థానం తెలిసే రోజు రావచ్చు. అయినా ట్రాన్స్‌పాండర్ బోటు ఎక్కడుందో చెబుతుంది గానీ నీళ్లలో దీపం ముంచిందో లేదో చెప్పదు.

అందుకే ఈ నేరాన్ని సముద్రంలో పట్టుకోవాలనుకోవడమే దండగ అంటాను. జనరేటరు, ముంచే దీపాలు, ఫ్లడ్‌లైట్ల బారులు బిగించేది ఒడ్డునే. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో లైసెన్సు పునరుద్ధరణ సమయంలో చూస్తే దాచడానికి చోటుండదు. రాష్ట్రం జాగు చేస్తే ఏమవుతుందో విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. పర్సు సీను తరహా రింగు వలలు ఎక్కడ వేయవచ్చన్న తగువు తేల్చకుండా నానబెట్టినందుకు 2022 జనవరిలో సముద్రంలో బోట్లు తగలబడ్డాయి, ఒడ్డున 144 సెక్షన్ పెట్టారు.

శిక్ష ఎవరిదన్నది కూడా ముందే రాసిపెట్టాలి. దీపాలు కొన్నది యజమాని. గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో కళాసీలుగా వెళ్లే శ్రీకాకుళం కుర్రాళ్లకు ఆ దీపాల మీద మాట చెల్లదు, బోటు జప్తయితే మాత్రం మొదట పోయేది వాళ్ల కూలీ. ఆంధ్రప్రదేశ్ 1994 చట్టం కింద ఏ వల, ఎక్కడ, ఎప్పుడు అని కట్టడి చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఇప్పటిదాకా ఉన్న ఉత్తర్వులు ఏవైనా సరే, వాట్ల పరిమితి, జనరేటరు, వల రకం మూడూ కలిపి వాటిని తిరగరాసి, బాధ్యత యజమాని లైసెన్సుకు కట్టాలి. ఏప్రిల్ 15న మొదలయ్యే 61 రోజుల వేట విరామంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. తనిఖీకి అంతకంటే మంచి అదను మత్స్యశాఖకు ఏడాది పొడుగునా దొరకదు.