పెట్టెలో దాచిన బొమ్మ ఎవరి కోసం?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బొమ్మ కొన్నాను. అడుగు ఎత్తు, నల్ల లెదర్ కోటు, బూట్లు, విడిగా నాలుగు జతల చేతులు. ధర ఎంతో అడక్కండి, ఇంట్లో ఇప్పటికీ సగమే చెప్పాను :) పెట్టె మాత్రం తెరవలేదు. తెరిస్తే విలువ పడిపోతుందని ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ చెప్పే మాట. ఆరేళ్ళు అలాగే బీరువా మీద పడి ఉంది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ చూద్దును కదా, పెట్టె అడుగున నల్లటి పొట్టు! మూత తీసి కోటు మీద వేలు పెడితే పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

అది అసలు తోలు కాదు లెండి. గుడ్డ మీద పాలీయురేథేన్ పూత. గాల్లో తేమ తగిలి ఆ పూత కొద్దికొద్దిగా విడిపోతుంది. అటక మీద దాచిన బూట్ల అడుగులు పొడిపొడి అయిపోయేది కూడా చాలాసార్లు ఇందుకే. అట్టపెట్టె తేమని ఆపదు. మా కోస్తా ఉక్కపోతలో అయితే చెప్పక్కర్లేదు. అంటే నేను కాపలా కాసింది విలువకి కాదు, ఖాళీ అట్టపెట్టెకి.

అందుకే నా మటుకు నాకు, గుడ్డ బట్టలున్న బొమ్మని పెట్టెలో దాచడం శుద్ధ దండగ.

అసలు ఈ బొమ్మలు పుట్టిందే బట్టలు మార్చడానికి. 1959లో బార్బీ వచ్చింది. 1964లో హాస్‌బ్రో వాళ్ళు మగపిల్లల కోసం జీ.ఐ. జో తెచ్చారు. 'డాల్' అంటే మగపిల్లలు ముట్టుకోరని 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టారు. కీళ్ళు కదులుతాయి, యూనిఫారాలు విడిగా కొనుక్కోవాలి. మన దగ్గర ఫన్‌స్కూల్ అమ్మిన జీ.ఐ. జోలు 1982 తర్వాతి చిన్న సైజువి, వాటికి బట్టలన్నీ ప్లాస్టిక్కే.

ఇక విలువ సంగతి. 1978లో కెన్నర్ వాళ్ళు స్టార్ వార్స్ జావా బొమ్మకి ముందు వినైల్ అంగీ వేశారు. మరీ చవగ్గా కనబడుతోందని కొద్దిరోజులకే గుడ్డది వేశారు. ఇవాళ వేలంలో ఎక్కువ ధర పలికేది ఆ చవకబారు వినైల్‌దే, తక్కువ దొరుకుతుంది కాబట్టి. బజారు చూసేది ఎన్ని మిగిలాయన్న లెక్క. బొమ్మ బాగుందా లేదా అన్నది దానికి అనవసరం.

సరే, కోటు పోయింది. కొత్త బట్టలు నేనే కుడదామని కూర్చున్నా. మామూలు చొక్కా గుడ్డతో కుడితే బొమ్మ అట్టముక్క కట్టుకున్నట్టుంది. ఎందుకో చూడండి. ఒక గుడ్డని బల్ల అంచు నుంచి ముందుకి జరిపితే కొంత దూరం తిన్నగా నిలబడి, ఆ తర్వాతే వంగుతుంది. అది రెండు సెంటీమీటర్లనుకోండి, మనకి లెక్కలోకి రాదు. మనలో ఆరో వంతున్న బొమ్మకి అది పన్నెండు సెంటీమీటర్లతో సమానం! కొలతలు ఆరో వంతు చేశాం గానీ, గుడ్డ బిరుసుకి ఆ సంగతి తెలీదు కదా. కాబట్టి పల్చటి, బాగా ఉతికి నలిగిన గుడ్డ కావాలి.

నా అవస్థ చూసి మా నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచి తాతయ్య పొందూరు ఉత్తరీయం తీసుకొచ్చింది. కలరా ఉండలేసి దాచింది. మడతలు పసుపెక్కి, మడత వెంబడే చిరుగుతోంది. కత్తెర పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. "ఆయన భుజం మీద ఉండాల్సింది, పెట్టెలో పడి చిరుగుతోంది. కొయ్యరా, ఫర్లేదు" అంది.

ఎనిమిది మూరల పంచె బొమ్మకి అరవై సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు అవుతుంది. అంచులు పోగులు ఊడకుండా నీళ్ళు కలిపిన ఫెవికాల్ సన్నగా రాశాను. కుచ్చెళ్ళు తడిపి, దారంతో కట్టి, ఆరాక విప్పితే నిలిచాయి. కండువా అంచులో సన్నటి రాగి తీగ దూర్చాను, ఎలా వంచితే అలా ఉంటుంది.

ఇంక నిలబెట్టడం. రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబెడితే ఎన్‌సీసీ కవాతులా ఉంటుంది. బరువు ఒక కాలి మీద వెయ్యాలి, అటువైపు తుంటి పైకి లేవాలి, అటు భుజం కాస్త దిగాలి. వేణుగోపాలుడి త్రిభంగి చూడండి, అదే సూత్రం. నేనేదో హీరో పోజు పెడుతుంటే నాయనమ్మ, "మీ తాత అలా నిలబడేవారు కాదు. కుడికాలి మీద బరువేసి, ఎడం చెయ్యి నడుం మీద పెట్టేవారు" అని తనే వంచింది. తాతయ్య పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. ఆయన ఎలా నిలబడేవారో ఆ రోజే తెలిసింది నాకు.

గట్టి ప్లాస్టిక్ బొమ్మలు దాచుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. గుడ్డ బట్టలున్నవి ఉంటే మాత్రం బయటికి తియ్యండి. ఎండ నేరుగా తగలనివ్వకండి, బిగుతు బట్టలేసి మోచేతులు నెలల తరబడి వంచి ఉంచకండి. అంతే.

ఇప్పుడు ఆ బొమ్మకి అమ్మకం విలువ సున్నా. మా టీవీ పక్కనుంది. నాయనమ్మ రోజూ కండువా సర్దుతోంది.