గోల్ఫు కర్రయు, క్లబ్బు తలుపును

మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చిన యువకులిద్దరు బందరులోని యొక పఠనమందిరమున కూర్చుండి వాదించుకొనుచుండగా వినుట మాకు తటస్థించెను. ఒకరు హైదరాబాదున ఉద్యోగము చేయువారు. రెండవవారు అమెరికాలో స్థిరపడినవారు. ఇరువురి తాతలును దివిసీమ రైతులే. వాదము పంటను గూర్చి కాదు, కాలువ నీటిని గూర్చియు కాదు. గోల్ఫు కర్రలను గూర్చి! ఉక్కు కాడ మేలా, గ్రాఫైటు కాడ మేలా? సాగగొట్టిన ఇనుపతల చేతికి హితమా, మూసలో పోసినది హితమా? ఇట్లు గంటసేపు సాగినది. ప్రక్కబల్లయొద్ద పత్రిక చదువుచున్న గుడివాడ పెద్దమనిషి యొకరు కండ్లద్దములు తీసి, "బాబూ, కర్ర సంగతి సరే. ఈ పంచెతో ఆ కర్ర పుచ్చుకొని నేనొస్తే మీ క్లబ్బు గేటుకాడ లోపలికి రానిస్తారా?" అని యడిగిరి. యువకులు నవ్విరి. జవాబు మాత్రము చెప్పలేదు.

ఆ జవాబు చెప్పవలసిన కాలము వచ్చినదని మా యభిప్రాయము. ఆంగ్లభాషలో ఆ కర్రకును క్లబ్బనియే పేరు. దానిని పుచ్చుకొని ఆడువారి సంఘమునకును క్లబ్బనియే పేరు. మొదటి క్లబ్బును గూర్చి ప్రపంచమంతట చర్చ జరుగుచున్నది. రెండవదానిని గూర్చి గేటు వెలుపలనున్నవారు తప్ప మాటాడువారు తక్కువ.

పనిముట్లను గూర్చిన చర్చను మేము తేలికచేయము. ఏ పనికైనను పనిముట్టు ముఖ్యమే. గోల్ఫు చరిత్రయే ఇందుకు సాక్ష్యము. పూర్వము ఆ యాటకు వాడిన బంతి తోలుసంచిలో పక్షి యీకలు దట్టించి కుట్టినది. పనివాడు దినమంతయు కష్టించినను కొలదిపాటి బంతులకు మించి చేయజాలడు. వానలో తడిసినచో అవియు పాడగును. కావున ఆట ధనికుల చేతిలోనే యుండెను. 1848 ప్రాంతమున మలయా దేశపు చెట్లపాలతో చేసిన గట్టాపర్చా బంతి వచ్చెను. అది మూసలో సులభముగ తయారగును; వెల తక్కువ. దానితో స్కాట్లండు దేశమున చేతిపనివారును, చిరువర్తకులును ఆటలోనికి రాగలిగిరి. 1898లో అమెరికాలో రబ్బరుదారము చుట్టిన బంతి పుట్టెను. కొయ్య కాడలకు బదులు ఉక్కు కాడలను బ్రిటనులోని నియమకర్తలు 1929లో అంగీకరించిరి. ఆటగాని సంచిలో 14 కర్రలకు మించి యుండరాదను నియమము 1930-40ల నడుమ ఏర్పడెను. నేడు పెద్దకర్ర తల పరిమాణము 460 ఘనసెంటీమీటర్లకు మించరాదు. బంతి మితిమీరిన దూరము పోవుచున్నదని, దానిని తగ్గించుటకు కొత్త పరీక్షలు పెట్టుదుమని 2023 డిసెంబరులో నియమకర్తలు ప్రకటించిరి.

చదువరులు ఒక్క సంగతి గమనింపవలెను. కర్ర ఎంత యుండవలెనో, బంతి ఎంత బరువుండవలెనో కొలుచుటకు నియమములున్నవి, తూచుటకు యంత్రములున్నవి. కాని గేటులోనికి ఎవడు రావలెను, ఎవడు రాగూడదు అనుదానికి మాత్రము కొలబద్ద లేదు. బంతి చౌకయైనది, కర్ర మెరుగైనది, తలుపు మాత్రము తనంతట తాను తెరచుకొనలేదు.

ఇందుకు దక్షిణాఫ్రికాలోని మనవారి కథను మించిన దృష్టాంతము లేదు. 1860 మొదలు చెన్నపట్టణపు రేవునుండి ఓడలెక్కి నేటాలు చెరకుతోటలకు కూలికి పోయినవారిలో తెలుగువారు వేలకొలది యుండిరి. ఆ నేటాలు భారతీయుల బిడ్డయే పాప్వా సెవ్‌గోలం. పాఠశాలలో చదువు లేదు, గురువు లేడు. తెల్లదొరల సంచులు మోయు క్యాడీగా ఉండి ఆట నేర్చెను. అందరును పట్టురీతికి విరుద్ధముగ, ఎడమచేయి క్రిందుగ కుడిచేయి మీదుగ కర్రను పట్టువాడు. పట్టు తప్పని పండితులు చెప్పవచ్చును. ఆ పట్టుతోనే అతడు 1959లో డచ్చి ఓపెను గెలిచెను. 1963లో డర్బను నగరపు క్లబ్బులో జరిగిన నేటాలు ఓపెనును తెల్లవారినోడించి గెలిచెను. గెలిచినవానికి బహుమానమెక్కడ నిచ్చిరి? క్లబ్బు భవనములోనికి అతనికి ప్రవేశము లేదు గనుక, వెలుపల, వానలో! తరువాతి సంవత్సరములలో అతనికి పోటీలలో ఆడుటయే నిషిద్ధమైనది. ఆ దినమున అతని చేతిలోని కర్ర ఏ కంపెనీదని ఎవరైన అడుగుదురా?

ఇది పరదేశపు తెల్లవాని దుర్మార్గమని మనము నిట్టూర్చి ఊరకుండరాదు. మన తీరముననే 1907లో, కాకినాడలో, వందేమాతరమని పలికిన బాలుని ఒక దొర కొట్టగా ఆగ్రహించిన జనులు దొరల క్లబ్బుమీద పడిరి. ఆ విధ్వంసమును మేము మెచ్చము. కాని జనాగ్రహము ఆ భవనమునకు ఏల త్రోవ తీసెనో ఆలోచింపదగినది. పాలకుడు తన పాలితునితో ఒక్క బల్లయొద్ద కూర్చుండననుట అచ్చట గోడలలోనే వ్రాసియుండెను. అదే 1907లో కలకత్తాలో, దొరల క్లబ్బులు భారతీయులను చేర్చుకొననందున, ఇరువురికిని సమానముగ ప్రవేశముండునట్లు కలకత్తా క్లబ్బును స్థాపించిరి. మంచిదే. కాని ఆ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు సరిగా నూరేండ్లు పట్టెను. 2007 దాక తలుపు తీయలేదు. వెలివేయబడినవాడు కట్టుకొన్న యింటికిని గడియ యుండుననుటకు ఇంతకన్న ఏమి కావలెను?

దొరలు పోయిరి, గడియ మిగిలినది. 2014 జూలైలో చెన్నైలో క్రికెట్టు సంఘపు క్లబ్బునకు ఒక పుస్తకావిష్కరణకై పోయిన హైకోర్టు న్యాయమూర్తిని, పంచె కట్టినాడను కారణమున లోపలికి రానీయలేదు. న్యాయపీఠముపై కూర్చుండదగినవాడు క్లబ్బు కుర్చీలో కూర్చుండదగడయ్యె! తమిళనాడు శాసనసభ మరుసటి నెలలోనే పంచెకు అడ్డుచెప్పువారిని శిక్షించు శాసనము చేసెను. 2017 జూనులో ఢిల్లీ గోల్ఫు క్లబ్బు భోజనశాలలో, ఒక సభ్యుని అతిథులతో వచ్చిన మేఘాలయ ఖాసీ స్త్రీని, ఆమె కట్టిన జైన్‌సెమ్ పనిమనిషి దుస్తువలె నున్నదని లేచిపొమ్మనిరి. ఆ క్లబ్బున్న భూమి ప్రభుత్వము కౌలుకిచ్చినదని చదువరులు మరువరాదు.

ఇట ప్రతివాదుల మాటయు వినవలెను. "మా సొమ్ముతో, మా స్నేహితులతో మేము కూడుకొనుచున్నాము, మీకేమి?" అని వారందురు. న్యాయవాదులమైన మేము ఈ మాటలోని బలమును కాదనము. సంఘములుగా ఏర్పడు హక్కును రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకిచ్చినది. జొరాస్ట్రియను సహకార గృహనిర్మాణ సంఘపు వ్యాజ్యములో, సభ్యత్వమును పార్సీలకే పరిమితము చేసికొన్న నిబంధనను 2005లో సుప్రీముకోర్టు సమర్థించినది. నలుగురు మిత్రులు తమ తోటలో తాము ఆడుకొనునపుడు, ఐదవవానిని పిలిచి తీరవలెనని శాసించుట మాకును సమ్మతము కాదు.

కాని అదే రాజ్యాంగము 15వ అధికరణమున మరియొక మాటయు చెప్పినది. దుకాణములకు, హోటళ్ళకు, ప్రజావినోద స్థలములకు, ప్రభుత్వధనముచే పోషింపబడు బావులకు, చెరువులకు, స్నానఘట్టములకు, బాటలకు పోవునపుడు ఏ పౌరునికిని మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము అను వానిని మాత్రమే కారణముగా చూపి అడ్డుపెట్టరాదు. ఈ మాటలను నెమ్మదిగ చదువుడు. ఇందు ధనము అను మాట లేదు. కావుననే నేటి ద్వారపాలకుడు నీ కులమేమని అడుగడు. ప్రవేశరుసుమెంత కట్టగలవని, నిన్నెరిగిన సభ్యులెవరని అడుగును. ఒకప్పుడు క్లబ్బులలో ఓటు పెట్టెయందు ఒక్క నల్లగోలీ పడినచో అభ్యర్థి బహిష్కృతుడు. నేడు గోలీ రంగు మారినది, పెట్టె మారలేదు.

అసలు ప్రశ్న భూమిని గూర్చినది. 18 గుంటల గోల్ఫు మైదానమునకు సుమారు 150 ఎకరములు కావలెను. దివిసీమలో కోడూరు, నాగాయలంక ప్రాంతముల కాలువ చివరి భూములలో రెండేసి యెకరముల రైతులు ఎందరున్నారో మన చదువరులకు చెప్పనక్కరలేదు. లెక్క చూచినచో 75 కుటుంబముల బ్రతుకు ఒక మైదానము. గడ్డి పచ్చగా నుండవలెనన్న నీరు కావలెను. ఆ నీటికై మన రైతు ఉప్పుకయ్యల గట్టున నిలిచి కాలువవైపు చూచుచుండును. హైదరాబాదువద్ద మణికొండలో సుమారు 535 ఎకరముల ప్రభుత్వభూమిని గోల్ఫు మైదానము, భవనములు మొదలగు వానికై ఒక విదేశీ కంపెనీతో కలిసి వినియోగించు ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రమున 2003 ప్రాంతమున జరిగి, 2011లో సీబీఐ విచారణకు దారితీసినది. అందలి దోషాదోషములను నిర్ణయించుట న్యాయస్థానముల పని. మా పని కాదు. ప్రజల భూమి మైదానమైనపుడు ప్రజలు దాని గేటు వెలుపల నిలువవలెనా? ఇంతమాత్రమే మా ప్రశ్న. గోలకొండలోని నయాకిలాలో, కుతుబుషాహీల కోటగోడల నడుమనే నేడు గోల్ఫు బంతులెగురుచున్నవి. చరిత్రము చూడబోవు బాలునికి ఆ దారి ఆటగాని దారికన్న తక్కువదా?

గేటు లేనిదే గోల్ఫు లేదనువారు ఆ యాట పుట్టినిల్లు చూచిరావలెను. స్కాట్లండులోని సెంటాండ్రూసు పాతమైదానము ఏ క్లబ్బు సొత్తును కాదు. అది ఊరుమ్మడి భూమి. 1974 పార్లమెంటు శాసనమువలన ఏర్పడిన ధర్మకర్తల సంఘము దానిని నడుపుచున్నది. రుసుము కట్టినవారు వంతునుబట్టి ఆడవచ్చును. ఆదివారము సామాన్యముగా ఆట మాని మైదానమును ఊరివారి విహారమునకు విడుతురు. పిల్లలు పరుగిడుదురు, కుక్కలు తిరుగును. సోమవారమున మరల ఆట సాగును, గడ్డి మైలపడదు! దాని ప్రక్కనే యున్న క్లబ్బు 1754లో పుట్టి, 2014లో గాని స్త్రీలను చేర్చుకొనలేదు. తెరచిన మైదానము, మూసిన భవనము, రెండును ఒక్కచోటనే యున్నవి. మనము దేనిని తెచ్చుకొందము?

కావున మేము కోరునది స్వల్పము. ప్రజల భూమిని కౌలుకు పుచ్చుకొన్న క్లబ్బు తన కౌలుపత్రమును, చెల్లించు సొమ్మును, సభ్యత్వ నియమములను తెలుగున ప్రకటింపవలెను. వారమున కొన్ని దినములు మితమైన రుసుముతో అందరికిని, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఉచితముగను మైదానము విడువవలెను. సంచి మోయు క్యాడీకి ఆడుహక్కు నీయవలెను. పాప్వా వంటివాడు ఆ సంచిక్రిందనే యుండవచ్చును. పంచెకును, చీరకును అడ్డుండరాదు. గడ్డికి పంటకాలువ నీరు కాక, పట్టణపు మురుగును శుద్ధిచేసి వాడవలెను. ఇవి గిట్టనివారు తమ సొంత భూమి కొనుక్కొని, సొంత తలుపు మూసికొందురుగాక.

తుదకు మన మాట. మన పట్టణములలోను క్లబ్బులున్నవి. గోల్ఫు లేదు, పేకబల్లలును, బంతియాట ఆవరణలును ఉన్నవి. ఆ స్థలములలో మునిసిపాలిటీవి ఎన్ని? సభ్యుల పట్టీలో ఏయే పేటలవారి పేర్లున్నవి? స్త్రీలు ఎందరు? న్యాయవాదులమైన మేమే మొదట మా సంఘముల పట్టీలను చూచుకొనవలసియున్నది. దివిసీమ పిల్లవాడు కొబ్బరిమట్టతో క్రికెట్టాడును, చింతకొమ్మ విరిచి కర్రాబిళ్ళ ఆడును. వానికి కర్ర కొరత లేదు, చోటు కొరత.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు ఊరూర పఠనమందిరములు వెలయవలెనని ఆశించిరి. వానిలో కొన్నిటి తలుపులు మొదట అందరికిని తెరువబడలేదు, పోరాడి తెరిపింపవలసివచ్చినది. ఆ పోరాటమువలననే గుడివాడ పెద్దమనిషి పంచెతో వచ్చి, ఎవరి సిఫారసును లేక, అమెరికా యువకుని ప్రక్కబల్లయొద్ద కూర్చుండి ప్రశ్న యడుగగలిగిరి. ఆ ప్రశ్నకు జవాబు యువకులదే. వారు తమ క్లబ్బునకు మరలిపోవునపుడు మంచి కర్రను కొనుక్కొందురుగాక! కాని వచ్చు సభ్యుల సమావేశమున లేచి, "మా తాత పంచెతో వచ్చినచో ఏమందురు?" అని యొక్కసారి యడుగుదురుగాక.